మసిలోంచి తీసిన ముఖం

బొమ్మ గియ్యమని ఎవరైనా అడిగితే మనం ముందు తెల్ల కాగితం వెతుక్కుంటాం. తెలుపు ఫ్రీగా వస్తుంది, నలుపే మనం పెట్టాలి. పెన్సిల్ పడిన చోట బొమ్మ, పడని చోట ఖాళీ. చిన్నప్పటి నుంచి ఇదే అలవాటు కాబట్టి దీనికి ఇంకో దారి కూడా ఉంటుందని తట్టదు.

మెజోటింట్ అనే పాత ప్రింటింగ్ పద్ధతిలో ఈ లెక్క మొత్తం తలకిందులు. అక్కడ మొదట ఉండేది నలుపే. ఆర్టిస్టు చేసే పనల్లా ఆ నలుపును కొద్దికొద్దిగా తీసేస్తూ వెలుతురును బయటికి రప్పించడం. మసి పట్టిన వంటింటి గోడ మీద వేలితో గీస్తే తెల్ల గీత వస్తుంది చూడండి, దాదాపు అలాంటిది. మన సబ్జెక్టు భాషలో చెప్పాలంటే, ఇమేజ్ అర్రే మొత్తాన్ని సున్నాలతో నింపి, తర్వాత ఒక్కో పిక్సెల్ విలువను చేత్తో పెంచుకుంటూ పోవడం. తేడా ఏంటంటే, మనకు సున్నాలతో నింపడం ఒక్క లైను కోడ్. వాళ్ళకు అది రోజుల తరబడి పని.

ఈ పద్ధతిలో థామస్ ఫ్రై అనే ఐరిష్ ఆర్టిస్టు 1760లో తన ముఖం తనే చేసుకున్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క బొమ్మ గురించి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో దాని ప్రతులున్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు, 35 సెంటీమీటర్ల వెడల్పు. ఒక మనిషి ఒక చేతి మీద తల ఆనించి మన వైపే చూస్తున్నాడు. ఇంకో చేతిలో చాక్ ముక్క బిగించుకునే లోహపు గొట్టం, అంటే డ్రాయింగ్ వేసుకునే సాధనం. చుట్టూ చీకటి. ముఖం దాదాపు నిజం మనిషి ముఖమంత ఉంటుంది. కళ్ళు మాత్రం వదలవు.

ఇది చేసిన రెండేళ్ళకు ఆయన చనిపోయాడు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఈ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియాలి, తెలియకపోతే ఇందులో ఏముందో కనపడదు.

రోలుకు గంట్లు, రేకుకు ముళ్ళు

మెజోటింట్‌కు కావాల్సింది నున్నటి రాగి రేకు. నున్నటి రేకు మీద సిరా పూసి తుడిచేస్తే ఏమీ మిగలదు, అంతా ఊడొచ్చేస్తుంది. అలా ప్రింట్ తీస్తే కాగితం తెల్లగానే వస్తుంది. సిరా పట్టి ఉండాలంటే రేకు గరుకుగా ఉండాలి.

మన అమ్మమ్మల తరం వాళ్ళను అడగండి. రుబ్బురోలు వాడి వాడి నునుపు తేలితే పప్పు నలగదు. అప్పుడు గంట్లు కొట్టేవాళ్ళను పిలిచి ఉలితో రోలంతా గరుకు చేయించేవాళ్ళు. మెజోటింట్‌లో మొదటి అంకం సరిగ్గా ఇదే. దానికి వాడే పనిముట్టు పేరు రాకర్. వెడల్పాటి ఉలిలా ఉంటుంది, అంచు మాత్రం తిన్నగా కాకుండా అర్ధచంద్రాకారంలో వంగి, నిండా సన్నటి పళ్ళతో ఉంటుంది. దాన్ని రేకు మీద నిలబెట్టి ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ ముందుకు జరుపుతారు. ఒక్కో పన్ను ఒక్కో చుక్క గుంట చేస్తుంది. గుంట పక్కనే కొంచెం రాగి పైకి లేస్తుంది. ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఫైలింగ్ చేసినప్పుడు అంచున గీరుకునే బర్ గుర్తుందా? అదే ఇది, సూక్ష్మ రూపంలో.

ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, తర్వాత ఐమూలగా, మళ్ళీ ఇంకో కోణంలో. ఇలా ఎన్నో దిశల్లో రేకు మొత్తం తిరగాలి. ఎక్కడా నున్నటి చోటు మిగలకూడదు. ఇక్కడ ఆర్ట్ ఏమీ లేదు, ఒట్టి ఓపిక. పూర్తయ్యాక ఆ రేకుకు సిరా పట్టించి ప్రింట్ తీస్తే కాగితం మీద ముఖమల్ గుడ్డ లాంటి మెత్తటి, లోతైన నలుపు వస్తుంది. మామూలు గీతల ఎన్‌గ్రేవింగ్‌లో అంత నలుపు రాదు.

ఇప్పుడు రెండో అంకం. స్క్రేపర్ అనే పదునైన కత్తితో ఆ గరుకును గీకుతూ పోతారు. కొంచెం గీకితే సిరా కొంచెం తక్కువ పడుతుంది, అది ముదురు బూడిద రంగు. ఇంకొంచెం గీకితే లేత బూడిద. పూర్తిగా గీకేసి బర్నిషర్‌తో రుద్ది నున్నగా మెరిపిస్తే అక్కడ సిరా అసలు నిలవదు, అది తెలుపు. కంటిలో మెరుపు, ముక్కు మీద తళుకు, చొక్కా మడత, అన్నీ ఇలా వచ్చినవే.

దీనిలో గొప్ప ఏంటంటే గీతలు లేకపోవడం. అప్పటి మిగతా పద్ధతుల్లో బూడిద రంగు కావాలంటే దగ్గర దగ్గరగా గీతలో చుక్కలో పెట్టి కంటిని మోసం చెయ్యాలి. మెజోటింట్‌లో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు లేకుండా జారుతూ పోవచ్చు. గ్రేడియంట్ అన్నమాట. చెంప మీద వెలుగు నీడలోకి ఎక్కడ కలిసిపోయిందో వేలు పెట్టి చూపించలేం. ఆ పేరుకు ఇటాలియన్‌లో అర్థం కూడా నడిమి ఛాయ అనే.

కష్టం ఏంటంటే అన్‌డూ సరిగ్గా లేకపోవడం. ఎక్కువ గీకేస్తే ఆ చోటును చిన్న పనిముట్లతో మళ్ళీ గరుకు చెయ్యొచ్చు గానీ, మొదటి నలుపు మళ్ళీ అంత సమంగా రావడం కష్టం. కాబట్టి ఈ బొమ్మలో నలుపు ఉన్నదంటే అక్కడ చెయ్యి పెట్టలేదని, తెలుపు ఉన్నదంటే అక్కడ ఎవరో తెగించి నిర్ణయం తీసుకున్నారని అర్థం.

బట్టీ దగ్గర పదిహేనేళ్ళు

ఈ పద్ధతిని ఫ్రై కనిపెట్టలేదు. 1642లో లుడ్విగ్ ఫాన్ జీగెన్ అనే జర్మన్ దీని మొదటి రూపంలో ఒక బొమ్మ చేశాడు. ఆ తర్వాత ప్రిన్స్ రూపర్ట్ దాన్ని మెరుగుపరిచాడు, అతనితో పాటు ఇంగ్లండ్ చేరింది. అక్కడ ఎంతగా వేళ్ళూనుకుందంటే యూరప్ వాళ్ళు దీన్ని ఇంగ్లీషు పద్ధతి అనే పిలిచేవాళ్ళు.

ఫ్రై 1710 ప్రాంతంలో ఐర్లండ్‌లో పుట్టాడు. లండన్ వచ్చి పోర్ట్రెయిట్లు వేశాడు, మినియేచర్లు చేశాడు. తర్వాత దారి మారింది. అప్పట్లో చైనా నుంచి వచ్చే పింగాణీ అంటే యూరప్‌కు పిచ్చి. దాన్ని ఇంగ్లండ్‌లోనే ఎలా చెయ్యాలా అని చాలామంది తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. 1744లో ఫ్రై, ఎడ్వర్డ్ హేలిన్ కలిసి పింగాణీ తయారీకి పేటెంట్ తీసుకున్నారు. 1749లో ఫ్రై ఒక్కడి పేరుతో ఇంకో పేటెంట్. లండన్‌కు తూర్పున ఉన్న బో పింగాణీ ఫ్యాక్టరీని నడిపింది ఈయనే. అక్కడి మట్టి మిశ్రమంలో కాల్చిన ఎముకల బూడిద కలిపేవాళ్ళు. మన ఇళ్ళలో అతిథులు వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే బోన్ చైనా కప్పులు ఉంటాయి కదా, అందులోని బోన్ నిజంగా ఎముకే. ఆ పదార్థాన్ని ఇంగ్లండ్ పింగాణీలో మొదట వాడిన ఫ్యాక్టరీగా బో పేరే చెప్తారు.

అంటే ఈయన ఒట్టి ఆర్టిస్టు కాదు. మెటీరియల్స్ మీద ప్రయోగాలు చేసిన మనిషి, ప్రొడక్షన్ నడిపిన మనిషి, పేటెంట్ ఫైల్ చేసిన మనిషి. ఇవాళైతే స్టార్టప్ ఫౌండర్ అంటాం.

కానీ బట్టీల పక్కన దాదాపు పదిహేనేళ్ళు గడపడానికి ఒక ఖరీదు ఉంది. ఆరోగ్యం దెబ్బతింది. 1759లో ఫ్యాక్టరీ వదిలేశాడు. గాలి మార్పు కోసం వేల్స్ వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చి లండన్‌లోని హ్యాటన్ గార్డెన్‌లో ఇల్లు తీసుకుని, చాలా ఏళ్ళుగా పక్కన పెట్టిన మెజోటింట్ మళ్ళీ పట్టుకున్నాడు. 1760లో నిజం మనిషి తలంత పెద్ద తలలతో పన్నెండు ప్రింట్ల సిరీస్ ప్రకటించాడు. ఆ తర్వాత స్త్రీల తలలతో ఇంకో సిరీస్. తన ముఖం చేసుకున్నది కూడా ఈ రోజుల్లోనే. 1762 ఏప్రిల్‌లో క్షయతో చనిపోయాడు. యాభై దాటి ఎన్నాళ్ళో కాలేదు.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. ఆరోగ్యం పాడైన మనిషి ఎంచుకున్న పని ఏంటి? కూర్చుని నీటిరంగులు వేసుకోవడం కాదు. అరమీటరు ఎత్తున్న రాగి రేకును అంగుళం అంగుళం గరుకు చేసి, అందులోంచి వెలుతురు గీకి తియ్యడం. ఊపడంలో సహాయకులు ఉండి ఉండొచ్చు, గీకే పని మాత్రం ఇంకొకరు చేస్తే కుదరదు.

కింద ఎవరి పేరు?

ఈ బొమ్మలో ఇంకో సంగతి ఉంది, అది కంటికి కనపడదు. అప్పటి మెజోటింట్లలో చాలా భాగం కాపీలు. జాషువా రెనాల్డ్స్ లాంటి పెద్ద పెయింటర్ ఒక దొరగారి పోర్ట్రెయిట్ ఆయిల్ రంగుల్లో వేస్తాడు. ఆ పెయింటింగ్ దొరగారి గోడకే పరిమితం. నలుగురికీ తెలియాలంటే ప్రింటు కావాలి. అప్పుడు జేమ్స్ మెకార్డెల్ లాంటి ప్రింట్‌మేకర్ దాన్ని రాగి మీదకు దించుతాడు. బొమ్మ కింద ఎడమ పక్క పెయింటర్ పేరు, కుడి పక్క ప్రింట్‌మేకర్ పేరు పడుతుంది. ఊహ ఒకరిది, చెమట ఇంకొకరిది. గౌరవం ఎవరికి వెళ్తుందో చెప్పక్కర్లేదు.

ఇది కేవలం అభిప్రాయంగా ఆగిపోలేదు, రూల్ కూడా అయింది. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు ఎన్‌గ్రేవర్లకు పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. మరుసటి సంవత్సరం వాళ్ళ కోసం అసోసియేట్ అనే కింది మెట్టు ఒకటి పెట్టారు. పూర్తి సభ్యులుగా తీసుకోవడానికి పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా ఆగాల్సి వచ్చింది. కారణం ఒక్కటే, ప్రింట్‌మేకర్ సొంతంగా ఏమీ సృష్టించడు, ఉన్నది దించుతాడు అని.

ఫ్రై ప్రింట్లు ఈ మాట నిజం కాదని ముందే చూపించాయి. ఆ తలలు ఎవరి పెయింటింగ్‌కూ నకళ్ళు కావు. వెనిస్ ఆర్టిస్టు పియాజెట్టా తలల శైలిని ఆదర్శంగా తీసుకున్నానని ప్రకటనలోనే చెప్పుకున్నాడు, కానీ బొమ్మలు ఊహించింది తనే, గీసింది తనే, రాగి మీద చెక్కింది తనే. సిరీస్ ప్రింట్ల కింద లాటిన్‌లో పెయింటర్, ఊహించినవాడు, చెక్కినవాడు అని మూడు పాత్రలకూ ఒకే పేరు ఉంటుంది.

ఆ వరసలో తన ముఖాన్నే పెట్టడం అంటే ఏంటో ఇప్పుడు అర్థమవుతుంది. మోడల్ తను, పెయింటర్ తను, కార్మికుడు తను. చేతిలో చాక్ గొట్టం ఊరికే పెట్టుకోలేదు. పట్టుకున్నది రాకర్ కాదు, స్క్రేపర్ కాదు, డ్రాయింగ్ సాధనం. నేను నకలు తీసేవాణ్ణి కాదు, ఊహించేవాణ్ణి అని ఆ చెయ్యి చెప్తోందని నాకు అనిపిస్తుంది.

ఆలోచించే మనిషి

చేతి మీద తల ఆనించిన భంగిమ ఫ్రైతో మొదలవలేదు. యూరప్ బొమ్మల్లో అది విషాదానికీ ఆలోచనకీ పాత గుర్తు. 1514లో డ్యూరర్ చేసిన మెలన్‌కోలియా ప్రింటులో రెక్కల మనిషి కూర్చున్నది కూడా ఇలాగే. కానీ ఫ్రై కాలానికి ఆ చీకటికి కొత్త అర్థం వస్తోంది. 1757లో ఎడ్మండ్ బర్క్, ఈయన కూడా ఐరిషే, ఒక పుస్తకంలో అస్పష్టత, చీకటి మనసులో భయంతో కూడిన మహత్తర భావాన్ని పుట్టిస్తాయని వాదించాడు. 1760లోనే ఆసియన్ అనే పురాతన కవివని చెప్పిన ముక్కలను జేమ్స్ మెక్‌ఫర్సన్ అచ్చేశాడు, పొగమంచు కొండలూ పాత వీరుల దుఃఖమూ యూరప్‌ను ఊపేశాయి. తర్వాత రొమాంటిక్ ఉద్యమం అని పేరు పడిన దానికి ఇవన్నీ తొలి అడుగులు. రొమాంటిక్ అంటే ప్రేమకథ అనుకోకండి. నా లోపల జరిగేది కూడా రాయదగ్గదే, గీయదగ్గదే అనే నమ్మకం అది. మన భావకవులు ఇంగ్లీషు కవుల దగ్గర అందిపుచ్చుకున్నది కూడా ఈ నమ్మకాన్నే.

ఫ్రై బొమ్మ ఆ ఉద్యమానికి గడప మీద ఉంది. అందులో భవనం లేదు, హోదా లేదు, వెనక పరదాలూ స్తంభాలూ లేవు. ఒక తల, రెండు చేతులు, చూపు. మిగతాదంతా గీకకుండా వదిలేసిన నలుపు.

అద్దం, రేకు, కాగితం

మనవాళ్ళకు నచ్చే పజిల్ ఒకటి. సెల్ఫ్ పోర్ట్రెయిట్ చెయ్యాలంటే అద్దం చూడాలి. అద్దంలో కుడి ఎడమలు తారుమారు. అందుకే అద్దం చూసి ఆయిల్‌లో వేసుకున్న పెయింటర్ చాలాసార్లు ఎడంచేతి వాటంవాడిలా కనిపిస్తాడు. కానీ ప్రింటులో ఇంకో తిరగబాటు ఉంది. రబ్బరు స్టాంపు లాగే, రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది. కాబట్టి ప్రింట్‌మేకర్ అద్దంలో చూసింది చూసినట్టు రేకు మీద దించేస్తే, కాగితం మీద సరిగ్గా లోకం ఆయన్ని చూసినట్టే వస్తాడు. రెండు నాట్ గేట్లు వరసగా పెడితే మొదటి ఇన్‌పుట్ మళ్ళీ బయటికొచ్చినట్టు. మధ్యలో కాగితం మీద డ్రాయింగ్ వేసుకుని దాన్ని రేకు మీదకు మార్చే అలవాటు ఉంటే లెక్క ఇంకోలా ఉండొచ్చు. ఏమైనా, తన ముఖాన్ని తాను నేరుగా ఎప్పటికీ చూడలేని మనిషికి, ఎదుటివాళ్ళు చూసే తన ముఖాన్ని చూపించగల పద్ధతి ఇది. ఫ్రంట్ కెమెరాలో మిర్రర్ ఆప్షన్ ఆన్ చేసి, ఆఫ్ చేసి తికమకపడేవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది.

చదివితే అరిగే మెమరీ

మెజోటింట్‌కు ఒక శాపం ఉంది. ప్రింట్ తియ్యాలంటే సిరా పూసిన రేకు మీద తడి కాగితం పెట్టి ప్రెస్‌లో గట్టిగా నొక్కాలి. ప్రతి నొక్కుడుకీ, ప్రతి తుడుపుకీ ఆ సన్నటి రాగి ముళ్ళు కొంచెం కొంచెం అణిగిపోతాయి. మొదటి ప్రతుల్లో ముఖమల్ నలుపు ఉంటుంది. వంద దగ్గరికి వచ్చేసరికి నలుపు పాలిపోవడం మొదలు. తర్వాత ముఖం మీద వెలుగునీడల తేడా తగ్గి, మనిషి పొగలో ఉన్నట్టు అవుతాడు.

కంప్యూటర్లలో డీర్యామ్ చదివినప్పుడు అందులోని ఛార్జ్ పోతుంది, అందుకే చదివిన వెంటనే మళ్ళీ రాస్తారు. రాగి రేకుకు మళ్ళీ రాసే సర్క్యూట్ లేదు. ఎంతమంది చూడాలనుకుంటే అంతగా అరుగుతుంది. అందరికీ చేరడం కోసమే ప్రింట్, కానీ చేరినకొద్దీ మూలం పోతుంది. పదిహేనేళ్ళు బట్టీ పక్కన అరిగిపోయిన మనిషి తన ముఖాన్ని ఇలాంటి రేకు మీద పెట్టాడు. ఆయన ఇదంతా ఆలోచించే చేశాడని నేను అనను. ఆ రేకు స్వభావం అది, అంతే.

మరి ఆయనతోనే అయిపోయిందా అంటే, లేదు. ఫ్రై దగ్గర పని నేర్చుకున్న విలియమ్ పెథర్ మెజోటింట్‌లో పేరు తెచ్చుకున్నాడు. డర్బీలో జోసఫ్ రైట్ అనే పెయింటర్ ఫ్రై తలలను శ్రద్ధగా చదువుకున్నాడు. దీపం వెలుగులో సైన్స్ ప్రయోగాలు చూసే మనుషుల బొమ్మలతో ప్రసిద్ధుడైనది ఈయనే. గ్రహాల కదలిక చూపించే యంత్రం చుట్టూ జనం గుమిగూడిన పెయింటింగ్ 1766 నాటిది, గాలి పంపులో పక్షి మీద ప్రయోగం 1768 నాటిది. చీకట్లోంచి సగం బయటికొచ్చిన ఆ ముఖాల్లో కొన్ని ఫ్రై ప్రింట్ల నుంచి వచ్చినవేనని కళాచరిత్రకారులు చూపిస్తారు. తర్వాత 1768లో ఆ గ్రహయంత్రం పెయింటింగ్‌ను మెజోటింట్‌గా చేసింది ఎవరనుకున్నారు? అదే పెథర్. గురువు ప్రింటులోంచి పెయింటింగ్‌లోకి వెళ్ళిన చీకటి, శిష్యుడి చేతిలో మళ్ళీ ప్రింటులోకి వచ్చింది.

ఇప్పుడు ఆ బొమ్మ మ్యూజియం సైట్‌లో ఓపెన్ చేసి జూమ్ చెయ్యండి. ముందు కళ్ళు చూడకండి, బ్యాక్‌గ్రౌండ్ చూడండి. అక్కడ నల్లగా ఉన్నదంతా రాకర్ పళ్ళు వదిలిన గరుకు. అక్కడి నుంచి నెమ్మదిగా చెంప వైపు రండి. బూడిద రంగు లేతబడే ప్రతి చోటా ఒక కత్తి అంచు వెళ్ళింది, ఇంక చాలు అని ఒక చోట ఆగింది. ఆఖరికి కంట్లో తెల్లటి చుక్క దగ్గరికి రండి. ఆ చుక్క ఆయన పెట్టింది కాదు. అక్కడున్న చీకటి మొత్తం తీసేస్తే మిగిలింది.